ఏటా కౌలుదారును మారిస్తే చేను బాగుపడతదా?



ఈ పేజీలో ఎప్పుడూ పత్తి, వరి, యూరియా లైన్లు, మార్కెట్లో తేమ పేరు మీద కోతలు, ఇవే రాస్తుంట. ఇయ్యాల ఫుట్‌బాల్ గురించి రాస్తున్న. "ఈ వయసుల నీకు బంతాట ఎందుకే" అని నవ్వేటోళ్లు నవ్వుండ్రి. కానీ కడదాకా చదువుండ్రి. చేను చేసినోనికి జల్ది సమజయ్యే సంగతి ఒకటి ఇండ్ల ఉన్నది.

సంగతేందంటే, మన దేశం ఫుట్‌బాల్ జట్టు రెండేండ్ల సంది ఎక్కువగా ఓడుతనే ఉన్నది. ఓడినప్పుడల్లా అభిమానులది ఒక్కటే మాట: కోచ్‌ను తీసెయ్యాలె. తీసేసిండ్రు. కొత్తాయన వచ్చిండు. ఆయనా గెలవలే. ఆయన కూడా పోయిండు. ఇప్పుడు మూడో ఆయన ఉన్నడు, ఆయన మీద కూడా మొదలైంది.

మా తమ్ముని కొడుకు హైదరాబాద్‌లో నౌకరి చేస్తడు. వానికి ఫుట్‌బాల్ పిచ్చి. నాకు ఈ పిచ్చి అంటించింది కూడా వాడే. జట్టు ఓడిన ప్రతి రాత్రి వాడు ఫోన్ చేసుడు, "పెద్దనాయినా, ఈ కోచ్ ఉన్నన్ని దినాలు మనం బాగుపడం" అనుడు, నేను "తీస్తే బాగుపడ్తమారా" అనుడు, ఇద్దరం అరగంట కొట్లాడుడు. ఆ కొట్లాటలో తేలిన ముచ్చటనే ఇక్కడ రాస్తున్న.

క్రికెట్ మాత్రమే చూసేటోళ్లకు ముందుగాల ఒక మాట. క్రికెట్ మైదానంలో కెప్టెన్ మాట నడుస్తది. బౌలర్‌ను మార్చుడు, ఫీల్డర్లను నిలబెట్టుడు ఆయన చేతిలో పని. ఫుట్‌బాల్లో అట్ల కాదు. ఎవరు ఆడాలె, ఎవరు బయట కూసోవాలె, ఉరికురికి ఆడాల్నా, వెనుక కాచుకొని ఆడాల్నా, ఎవరిని ఏ నిమిషంలో మార్చాలె, అన్నీ కోచ్ చెప్తడు. కానీ బంతి మాత్రం ఆయన తన్నేది లేదు. గీత అవతల నిలబడి 90 నిమిషాలు అరుస్తడు, అంతే. గెలిస్తే పేపర్ల గోల్ కొట్టినోని ఫొటో వస్తది. ఓడితే కోచ్ ఫొటో వస్తది.

ఇగ వరుసగా చెప్త.

2019 మే నెలలో ఇగోర్ స్టిమాచ్ అనే క్రొయేషియా ఆయన మన కోచ్‌గా వచ్చిండు. చిన్నా చితకా మనిషి కాదు. 1998 ప్రపంచ కప్పులో మూడో స్థానం వచ్చిన క్రొయేషియా జట్టులో ఆడిండు. తర్వాత ఆ దేశం జట్టుకు కోచ్‌గా కూడా చేసిండు. మన దగ్గర అయిదేండ్లు ఉన్నడు. 2023లో ఆయనకు పంట బాగా పండింది. భువనేశ్వర్‌లో ఇంటర్‌కాంటినెంటల్ కప్పు, బెంగళూరులో శాఫ్ కప్పు, రెండూ మనమే గెలిచినం. ఫిఫా ర్యాంకుల్లో 99కి ఎక్కినం. అప్పుడు ఆయన కోపం కూడా జనానికి ముద్దొచ్చింది. పాకిస్తాన్‌తో మ్యాచ్‌లో వాళ్ల ఆటగాడు గీత మీది నుంచి బంతి విసరబోతుంటే ఈయన పోయి చేతిలోంచి గుంజిండు. రిఫరీ ఎర్రకార్డు చూపి బయటికి పంపిండు. మనోళ్లు "కోచ్ అంటే ఇట్లుండాలె" అని మురిసిండ్రు.

ఏడాది తిరగలేదు. 2024 జనవరిలో ఖతార్‌లో ఆసియా కప్పు జరిగింది. ఆస్ట్రేలియా చేతిలో 2-0, ఉజ్బెకిస్తాన్ చేతిలో 3-0, సిరియా చేతిలో 1-0. మూడు మ్యాచ్‌లు, మూడు ఓటములు. మనోళ్లు ఒక్క గోల్ కొట్టలే. తర్వాత మార్చి 26న గువాహటిలో అఫ్గానిస్తాన్‌తో ప్రపంచ కప్పు అర్హత మ్యాచ్. సొంత దేశంలో మ్యాచ్ పెట్టుకునే పరిస్థితి లేక, తమ ఇంటి మ్యాచ్‌ను సౌదీలో ఆడిన జట్టు అది. మన ఇంటికొచ్చి 2-1తో మనల్ని ఓడించింది. సునీల్ ఛెత్రికి అది 150వ మ్యాచ్. మన ఒక్క గోల్ కూడా ఆయన కొట్టిందే, అదీ పెనాల్టీ.

ఆ రాత్రి సంది "స్టిమాచ్ దిగిపో" అనే మాట ఆగలేదు. ఎర్రకార్డుకు మురిసినోళ్లే "ఈయనకు అరుసుడు తప్ప ఏం రాదు" అన్నరు. జట్టు ఎంపిక గురించి జ్యోతిష్కుణ్ని అడిగిండని 2023లో పత్రికల్లో వచ్చిన సంగతి మళ్లా బయటికి తీసిండ్రు. మా వాడైతే రోజూ ఫోన్ల స్టేటస్ పెట్టుడే.

కోపం న్యాయం కాదని నేను అన. అయిదేండ్లు చిన్న కాలం కాదు. పైగా మూడో రౌండ్‌కు తీస్కపోకపోతే నేనే వెళ్లిపోత అని ఆయననే నలుగురిలో అన్నడు. జూన్ 6న కోల్‌కతాలో కువైట్‌తో 0-0. అది ఛెత్రి వీడ్కోలు మ్యాచ్, గెలిచి సాగనంపలేకపోయిండ్రు. జూన్ 11న దోహాలో ఖతార్ మీద ఛాంగ్టే గోల్ కొట్టి మనల్ని ముందుంచిండు. 73వ నిమిషంలో బంతి గీత దాటి బయటికి పోయింది. దాన్ని వాళ్లు లోపలికి గుంజి గోల్ కొట్టిండ్రు, రిఫరీ ఇచ్చేసిండు. అది అన్యాయమే. కానీ ఆఖరికి 2-1తో ఓడినం, మూడో రౌండ్ పోయింది. జూన్ 17న స్టిమాచ్‌ను తీసేసిండ్రు. కాంట్రాక్టు 2026 దాకా ఉండె. పరిహారం గొడవ నడిచి 4 లక్షల డాలర్లకు తెగింది.

ఇది ఒక పక్క. ఇంకో పక్క కూడా చూడుండ్రి.

2023 సెప్టెంబర్‌లో చైనాలో ఆసియా క్రీడలు. క్లబ్బులు తమ ఆటగాళ్లను ఇయ్యమన్నయి. లీగ్ మొదలయ్యే టైం, జీతాలు ఇచ్చేది మేము, మీకెట్ల ఇస్తమన్నయి. వాళ్ల లెక్క వాళ్లకు ఉన్నది. దొరికినోళ్లతో జట్టు కట్టి పంపిండ్రు. వాళ్లు హాంగ్‌ఝౌలో దిగిన తెల్లారే చైనాతో మ్యాచ్. 5-1తో ఓడిండ్రు. ఆసియా కప్పుకు ముందు కనీసం నాలుగు వారాల క్యాంపు కావాలని స్టిమాచ్ అడిగిండు. జట్టు డిసెంబర్ 30న దోహాకు చేరింది, జనవరి 13న ఆస్ట్రేలియాతో తొలి మ్యాచ్. అంటే రెండు వారాలు. దుక్కి పదును మీద ఉన్నప్పుడు పక్కోడు ఎడ్లను ఇయ్యనంటే ఎంత మొనగాడైనా ఏం దున్నుతడు? ఆ సంగతి మనకు ఒకరు చెప్పాల్నా?

సరే, ఆయన పోయిండు. 2024 జూలైలో మనోలో మార్కెజ్ వచ్చిండు. స్పెయిన్ ఆయన. ఈ పేరు వినంగనే నాకూ మా వానికీ పండుగ అయింది. ఎందుకంటే ఆయన మన హైదరాబాద్ ఎఫ్‌సీకి కోచ్‌గా చేసినాయన. 2022 మార్చి 20న గోవాలో ఐఎస్ఎల్ ఫైనల్. కేరళ బ్లాస్టర్స్ ఒక గోల్ ముందున్నది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టి సమం చేసిండు. పెనాల్టీల దగ్గర మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపిండు. కప్పు మన హైదరాబాద్‌కు వచ్చింది. ఆ మనోలో ఇప్పుడు దేశం జట్టుకు కోచ్. ఇంకేం కావాలె?

ఆయన తొలి మ్యాచ్‌లు కూడా మన గచ్చిబౌలి స్టేడియంలోనే అయినయి. సెప్టెంబర్‌లో మారిషస్‌తో 0-0. తర్వాత సిరియా చేతిలో 3-0 ఓటమి. నవంబర్ 18న మలేసియా మ్యాచ్‌కు నేనూ మా వాడూ పోయినం. 19వ నిమిషంలో మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ బంతి అంచనా తప్పి ముందుకు ఉరికిండు, వాళ్లు ఖాళీ గోల్‌లోకి కొట్టిండ్రు. తర్వాత రాహుల్ భేకే తలతో కొట్టి సమం చేసిండు. 1-1తో అయిపోయింది. ఆ ఏడాది మొత్తం మన జట్టు ఒక్క మ్యాచ్ గెలవలే. 11 మ్యాచ్‌లు ఆడింది, ఒక్క గెలుపు లేదు.

మా వెనుక కూసున్న పోరగాండ్లు మ్యాచ్ అంతా మనోలోను తిట్టుడే. గోల్‌కీపర్ తప్పు చేస్తే తిట్లు కోచ్‌కు. పాస్ తప్పు పోతే తిట్లు కోచ్‌కు. మా వాడు కూడా గొంతు కలిపిండు. "ఒరేయ్, మనకు కప్పు తెచ్చింది ఈయనే గదరా" అన్న. "అది వేరే పెద్దనాయినా" అన్నడు.

ఏం వేరే? అదే మనిషి. అదే బుర్ర. అదే స్టేడియం. మరి వేరే ఏంది?

ఇంకో సంగతి చెప్త, ఇది ఇంకా విచిత్రం. మనోలో దేశం జట్టుతో పాటు గోవా క్లబ్బుకు కూడా కోచ్‌గా ఉండె. రెండు పడవల మీద కాళ్లు. 2025 మే 3న గోవా సూపర్ కప్పు గెలిచింది, ఫైనల్లో జంషెడ్‌పూర్ మీద 3-0. నెల తిరిగిందో లేదో, జూన్ 10న అదే కోచ్, మన దేశం జట్టుతో హాంకాంగ్ చేతిలో చివరి నిమిషాల పెనాల్టీకి 1-0తో ఓడిండు. ఎనిమిది మ్యాచ్‌లలో ఆయనకు దక్కింది ఒక్క గెలుపు, అది మాల్దీవుల మీద. జూలైలో ఆయన కూడా వెళ్లిపోయిండు.

మే నెలలో తెలివైనోడు జూన్‌లో తెలివి తక్కువోడు అయితడా? కాడు గదా. గోవాకు ఆ ఫైనల్లో మూడు గోల్స్ కొట్టింది ఎవరో చూస్తే జవాబు దొరుకుతది. బోర్హా హెరేరా రెండు, డ్రాజిచ్ ఒకటి. ఒకాయనది స్పెయిన్, ఒకాయనది సెర్బియా. మన హైదరాబాద్ కప్పు గెలిచిన ఏడు ఎక్కువ గోల్స్ కొట్టింది నైజీరియా ఆయన ఒగ్‌బెచే, 18 గోల్స్. ఆ లీగ్ మొత్తానికి ఆయనే మొదటోడు. దేశం జట్టుకు వచ్చేసరికి ఒగ్‌బెచే ఉండడు, హెరేరా ఉండడు. మన పిల్లలే ఉంటరు. క్లబ్బుల్లో గోల్ ముందు నిలబడే పని ఎక్కువగా విదేశీ ఆటగాళ్లకే ఇస్తరు. మన పిల్లలు పక్కలకు ఆడుతరు, లేకపోతే బెంచీ మీద కూసుంటరు. ఏడాదంతా చేయని పని దేశం కోసం ఒక్క రాత్రిల చెయ్యమంటే ఎట్ల చేస్తరు?

అందుకే 2025 మార్చిలో ఏం చేసిండ్రు? రిటైర్ అయిన ఛెత్రిని 40 ఏండ్ల వయసులో మళ్లా పిలిచిండ్రు. ఆయన వచ్చిండు, మాల్దీవుల మీద గోల్ కూడా కొట్టిండు. 2024-25 ఐఎస్ఎల్‌లో మన దేశం ఆటగాళ్లలో అందరికన్న ఎక్కువ గోల్స్ ఆయనవే, 14. ఛెత్రికి దండం పెట్టాలె. కానీ 140 కోట్ల మంది ఉన్న దేశంలో ఆ జాగల నిలబడేటోడు ఇంకొకడు పండలేదంటే, అది ఛెత్రి గొప్పతనమే గాదు, మన చేను ఎంత కరువు పట్టిందో చెప్పే గుర్తు.

ఇప్పుడు అసలు మాటకొస్త.

మన ఊర్లల్ల కౌలు ఎట్ల నడుస్తదో మీకు తెలుసు. ఒక్క ఏడాది కౌలుకు తీసుకున్నోడు ఆ భూమిల ఏం పెడతడు? యూరియా చల్లుతడు, మందు కొడతడు, ఆ ఏడు పంట తీస్కుంటడు. చెరువుల పూడిక మట్టి తోలిస్తడా? పశువుల పెంట పది ట్రాక్టర్లు కొట్టిస్తడా? ఒరాలు బాగుజేస్తడా? చెయ్యడు. వాడు చెడ్డోడు కాదు. వచ్చే ఏడు ఆ భూమి తనకు ఉంటదో ఉండదో తెల్వదు, పెంట బలం రెండో ఏడు, మూడో ఏడు గదా కనపడేది. తాను పెట్టిన పెంటకు ఇంకోడు పంట తింటడు. అందుకని యూరియా చల్లి పచ్చగ చూపిస్తడు. పట్టాదారుకు కౌలు డబ్బులు ముడితే చాలు. భూమి మాత్రం ఏటేటా సారం పోతది. దిగుబడి తగ్గినంక పట్టాదారు ఏమంటడు? "వీనికి చేతగాదు, ఇంకోనికి ఇస్త" అంటడు.

దేశం జట్టు కోచ్ ఉద్యోగం అచ్చం ఇట్లనే తయారైంది. వచ్చినోనికి తెలుసు, రెండు మూడు మ్యాచ్‌లు ఓడితే జనం మీద పడతరని. అటువంటప్పుడు 19 ఏండ్ల పిల్లగాన్ని దింపి, వాడు నాలుగు తప్పులు చేసినా ఓర్చుకొని, రెండేండ్లకు తయారు చేసుకుంటడా? తయారైనంక చూసేది తాను కాదు గదా. 40 ఏండ్ల ఛెత్రిని పిలుస్తడు. ఛెత్రిని పిలుచుడు యూరియా చల్లినట్టు. ఆ వారం పచ్చగైతది.

మనం, అంటే అభిమానులం, "తీసెయ్యి, తీసెయ్యి" అన్నకొద్దీ ఆ కౌలు కాలం ఇంకా తగ్గుతది. వచ్చేటోడు ఇంకా ఎక్కువ యూరియా చల్లుతడు. ఇది నేను మా వానికి చెప్తే ముందుగాల వినలే. "మరి ఓడితే ఊకోవాల్నా" అన్నడు. ఊకోవద్దు. అత్త మీద కోపం దుత్త మీద చూపొద్దంటున్న, అంతే.

పట్టాదారు ఎవరు ఈ చేనుకు? అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య. కోచ్‌ను పెట్టేది వాళ్లే, తీసేది వాళ్లే. 2022 ఆగస్టులో ఆ సమాఖ్య నడిచే తీరు సరిగ్గ లేదని, బయటోళ్ల జోక్యం ఉన్నదని ఫిఫా మన దేశాన్నే సస్పెండ్ చేసింది, పదకొండు దినాలకు ఎత్తేసింది. 2025లో లీగ్ నడిపే కంపెనీతోటి ఒప్పందం తెగక ఐఎస్ఎల్ టైముకు మొదలే కాలేదు. ఆటగాడు మ్యాచ్‌లు ఆడక ఇంట్ల కూసుంటే కోచ్ ఎవరైతేంది?

మన హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతే చూడుండ్రి. కప్పు గెలిచిన రెండేండ్లకు, 2023-24లో, జీతాలు అందక విదేశీ ఆటగాళ్లు ఒకరెనుక ఒకరు పోయిండ్రు. బాకీల మూలంగా కొత్తోళ్లను తీసుకోకుండా నిషేధం పడింది. మిగిలిన చిన్న పిల్లలతోటి కోచ్ థాంగ్‌బోయి సింగ్టో ఆ సీజన్ ఈడ్చుకొచ్చిండు. 22 మ్యాచ్‌లలో గెలిచింది ఒక్కటే. ఆయనను కూడా తిట్టినోళ్లు ఉన్నరు. కానీ జీతం రాని జట్టును మైదానం దాకా తీస్కరావడమే పెద్ద పని అని నేనంట. 2025లో ఆ క్లబ్బే ఢిల్లీకి పోయింది, పేరు కూడా మారిపోయింది. ఇప్పుడు తిట్టుదామన్నా మనకు జట్టు లేదు, కోచ్ లేడు. ఓడే జట్టు ఉన్న బాధ కన్న జట్టే లేని బాధ ఎక్కువని మా వాడు ఇప్పుడంటున్నడు.

అట్లని కోచ్‌లకు ఏ తప్పూ లేదని వెనకేసుకొస్త లేను. నా లెక్కల మూడు ప్రశ్నలు అడగాలె. ఒకటి, ఆయనకు ఇచ్చింది ఏంది? రెండు, ఇచ్చిన దాంతోటి ఆయన చేసింది ఏంది? మూడు, ఆయన పోయేనాటికి కొత్తగా తయారైన పిల్లలు ఎందరు? స్టిమాచ్‌కు మొదటి దాంట్ల న్యాయం జరగలే, కానీ అయిదేండ్లున్నంక కూడా గోల్ కొట్టేటోడు ఛెత్రి ఒక్కడేనంటే మూడో దాంట్ల ఆయన జవాబు చెప్పాలె. మనోలో రెండు ఉద్యోగాలు ఒప్పుకొనుడు తప్పు, కానీ ఆ తప్పుల సగం ఇచ్చినోళ్లది. ఒక జీతగానికి రెండు ఊర్ల మోటార్లు అప్పజెప్పి, రాత్రి కరెంటుకు ఒక చేను తడవలేదని వాన్నే అంటే ఎట్ల?

ఇప్పుడున్న ఖాలిద్ జమీల్ 2025 ఆగస్టు 1న వచ్చిండు. మన దేశం ఆయనే. పైసలు తక్కువున్న ఐజ్వాల్ క్లబ్బును 2017లో ఐ-లీగ్ విజేతను చేసిన మనిషి. రాంగనే సీఏఎఫ్ఏ కప్పులో మూడో స్థానం తెచ్చిండు, ఒమన్ మీద పెనాల్టీలతో గెలిచి. అందరూ దేవుడన్నరు. అక్టోబర్‌లో సింగపూర్ చేతిలో గోవాలో 2-1తో ఓడి 2027 ఆసియా కప్పు దారి మూసుకపోయింది. నవంబర్ 18న ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో 1-0. 22 ఏండ్ల తర్వాత బంగ్లాదేశ్ చేతిలో ఓటమి. 99లో ఉన్న ర్యాంకు 140 దాటి కిందికి పోయింది. మూడు నెలల్లో దేవుడు దయ్యమైండు. ఈయనకైనా నాలుగు పంటల టైం ఇస్తరా అని నేను చూస్తున్న.

టైం ఇస్తే ఏమైతదో చెప్పేందుకు బయటి దేశం పోనవసరం లేదు. మన హైదరాబాద్‌లనే ఉన్నది. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. బడిపంతులు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయిండు, 1963లో చనిపోయేదాకా ఈ ఆటనే పట్టుకొని ఉన్నడు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదు సార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో దేశానికి బంగారు పతకం వచ్చింది ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే.

మరి ఆయన ఓడలేదా? ఓడిండు, మామూలుగ కాదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లేవియా చేతిలో 10-1. ఇయ్యాల అట్ల ఓడితే ఆ కోచ్ విమానం దిగకముందే ఉద్యోగం పోతది. అప్పుడు మనోళ్లు చాలామంది వట్టి కాళ్లతో ఆడేటోళ్లు. ఆ చలిల, ఆ తడి గడ్డి మీద బూట్లు తొడిగినోళ్లతో వట్టి కాళ్లు ఆగలేదు. ఓటమి తర్వాత బూట్లు తప్పనిసరి చేసిండ్రు. రోగం ఏడున్నదో చూసి మందు అక్కడ పెట్టిండ్రు. నాలుగేండ్లకు 1956 మెల్‌బోర్న్‌లో అదే రహీం సాబ్ జట్టు ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి సెమీఫైనల్‌కు పోయింది, నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో బలరాం, అజీజ్, నూర్ మహమ్మద్ లాంటి హైదరాబాద్ పిల్లలు అరడజనుకు తక్కువ లేరు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మళ్లా బంగారం. అప్పటికే ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్. వెనుక కాపలా కాసే జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలితే ఇంట్లకు పంపలే, ముందు వరుసలో ఆడించిండు. ఫైనల్లో కొరియా మీద కొట్టిన రెండు గోల్స్‌లో ఒకటి జర్నైల్‌దే. తర్వాతి ఏడు జూన్‌లో రహీం సాబ్ పోయిండు. పెద్దాటల్లో ఆ స్థాయిని మన జట్టు మళ్లా అందుకోలేదు.

ఆయనకు గొప్ప తెలివి ఉన్నది, నిజమే. కానీ తెలివి ఒక్కటే కాదు. ఆయన బడి పిల్లలను చూసిండు, గల్లీల పిల్లలను చూసిండు, వాళ్లు పెద్దగై దేశానికి ఆడేదాకా ఉన్నడు. తాను పెట్టిన పెంటకు తానే పంట తీసిండు.

ఇంకొక్క మాట. మగోళ్ల జట్టు హాంకాంగ్ చేతిలో ఓడిన నెలకే, 2025 జూలై 5న మన ఆడపిల్లల జట్టు థాయిలాండ్‌కు పోయి, థాయిలాండ్‌నే 2-1తో ఓడించి 2026 ఆసియా కప్పుకు అర్హత తెచ్చుకున్నది. అర్హత పోటీలు గెలిచి పోవుడు వాళ్లకు అదే మొదటిసారి. వాళ్ల కోచ్ క్రిస్పిన్ ఛెత్రి. ఆయన పేరు ఎంతమందికి తెలుసు? ఆ జట్టుల మన నిజామాబాద్ జిల్లా తండా నుంచి పోయిన గుగులోతు సౌమ్య ఉన్నది. 2024-25కు దేశంల ఉత్తమ ఫుట్‌బాల్ క్రీడాకారిణి అవార్డు ఆమెకే వచ్చింది. తండా బిడ్డ. ఆమెను ముందుగాల మైదానం మీద చూసి, ఈ పిల్ల ఆడుతది అని అనుకున్నోళ్లు ఎవరో ఉన్నరు గదా. ఆ చూసే కన్ను, ఆ ఆడే జాగ లేకపోతే సౌమ్య కూడా పత్తి ఏరుకుంట ఉండేది.

మన ఊర్లల్ల ఆ జాగ ఉన్నదా? మా ఊరి బడి గ్రౌండ్ చెప్త. వానాకాలం పంట రాంగనే కొనుగోలు కేంద్రం అక్కడనే పడుతది, నెలన్నర వడ్ల కుప్పలే. యాసంగికి మళ్లా అంతే. ఆరబోసే కల్లం లేక రైతు ఏడ పోస్తడు, తప్పని తిప్పలు. ఊరి బయట ఆటస్థలం అని ఒక బోర్డు పెట్టిండ్రు. ఇప్పుడు బోర్డు ఉన్నది, తుమ్మ చెట్లు ఉన్నయి, రెండు ఇనుప కట్టెలు ఉన్నయి. బడిల వ్యాయామం సారు లేడు. పిల్లలు రోడ్డు మీద ఆడుతరు, ట్రాక్టర్ వస్తే బంతి పట్టుకొని పక్కకు జరుగుతరు.

పదకొండు మందిని ఏరే కోచ్‌ను మనం రోజూ తిడుతున్నం. ఆ పదకొండు మంది యాడికెళ్లి రావాలె? ఆకాశం నుంచి ఊడిపడరు గదా. నారు పొయ్యకుండ నాటేసేటోన్ని తిడితే నాటు పడుతదా?

అందుకని ఈ పేజీ చదివే సర్పంచులకు, వార్డు మెంబర్లకు, కాబోయే సర్పంచులకు నా మాట ఒక్కటే. వడ్లు ఆరబోసేందుకు వేరే కల్లం కట్టించుండ్రి. రైతుకూ మేలు, తేమ గొడవ తగ్గుతది. పిల్లల గ్రౌండ్ పిల్లలకు మిగులుతది. బోర్డు పెట్టిన జాగల తుమ్మలు కొట్టించుడు ఒక్క జేసీబీకి సగం దినం పని.

మా వాడు మొన్న సంక్రాంతికి రెండు ఫుట్‌బాల్లు తెస్తనన్నడు. బంతులు తెస్తడు సరే, ఆడే జాగ నేను చూడాలె అన్నడు. నారుమడి పని ఒడిసినంక పంచాయతీకి పోయి అడుగుత. మీ ఊర్ల గ్రౌండ్ ఎట్లున్నది, వడ్లు యాడ ఆరబోస్తున్నరు, పిల్లలు యాడ ఆడుతున్నరు, కింద రాయుండ్రి. ఎవరి ఊర్లనన్న రెండింటికీ వేరువేరు జాగ చేసుకున్నోళ్లు ఉంటే ఎట్ల చేసుకున్నరో తప్పకుండ చెప్పుండ్రి. అదే కాగితం మీద రాసుకొని మా పంచాయతీల పెడత.